తీరానికి ఏ తరంగం?

పడవ మనిషి: సూటిగానే అడుగుతాను సార్. దేశంలో చాలా చోట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఆపేస్తుంటే మీకెందుకంత బాధ? మా పాళెంలో రేడియో ఉన్న ఇల్లు వెతికితే గానీ దొరకదు. వినేవాడు లేని ప్రసారానికి కరెంటు బిల్లు కట్టే బదులు, ఆ డబ్బుతో ప్రతి పడవకూ ఒక శాటిలైట్ పరికరం ఇస్తే ప్రాణాలు నిలబడతాయి. కావలి నుంచి పులికాట్ దాకా వేటకెళ్లే ఎవరినడిగినా ఇదే మాట చెబుతారు.

రేడియో మనిషి: నీ మాటలో బలం ఉంది తమ్ముడూ, కాదనను. కానీ ఆపేస్తున్నది ఏమిటో తెలుసుకుని ఆపాలి కదా. విజయవాడ కేంద్రానిది 837 కిలోహెర్ట్జ్, 100 కిలోవాట్లు. ఆ తరంగం పొడవు దాదాపు 358 మీటర్లు. అంత పొడవైన తరంగానికి చెట్టూ గట్టూ అడ్డం కావు. నేలను అంటిపెట్టుకుని, భూమి వంపుతో పాటే వంగి పోతుంది. సముద్రం మీదైతే ఇంకా సులువుగా పోతుంది, ఎందుకంటే పొడినేల కంటే ఉప్పునీరు విద్యుత్తుకు వందల రెట్లు మేలైన దారి. ఎఫ్ఎం అలా కాదు. 100 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు మూడే మీటర్లు, అది దాదాపుగా చూపు మేరకే పోతుంది. 100 మీటర్ల టవరు కట్టినా పడవలో ఉన్నవాడికి 50 కిలోమీటర్ల లోపే అందుతుంది. ఆపైన భూమి వంపు అడ్డొస్తుంది. ఇక ఫోను టవరు ఎంత దూరం పలుకుతుందో నాకంటే నీకే బాగా తెలుసు.

పడవ మనిషి: తెలుసు. ఒడ్డు దాటి పది పన్నెండు కిలోమీటర్లు పోతే ఫోను చేతిలో ఉన్నా లేనట్టే. అందుకే నేను ఫోను గురించి మాట్లాడటం లేదు, శాటిలైట్ గురించి మాట్లాడుతున్నాను. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు 2019లో జెమిని అనే పరికరం తెచ్చారు. అది గగన్ ఉపగ్రహాల నుంచి సందేశం తీసుకుని మన ఫోనుకు బ్లూటూత్‌తో ఇస్తుంది. తుపాను హెచ్చరిక వస్తుంది, అలల ఎత్తు వస్తుంది, చేపలు ఏ దిక్కున ఉండొచ్చో అదీ వస్తుంది. మీ రేడియో ఏం చెబుతుంది? దక్షిణ కోస్తా వెంబడి గంటకు ఇన్ని కిలోమీటర్ల వేగంతో గాలులు, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. అంతే. దక్షిణ కోస్తా అంటే ఎక్కడ? మైపాడు ఎదురుగానా, తూపిలిపాళెం ఎదురుగానా? అప్పటికే నడిసముద్రంలో ఉన్నవాడు ఎటు తిరగాలి? ఒక రోజు వేట మానుకుంటే డీజిలు అప్పు తీరదు సార్. ఇక్కడ గాలి లేదు, అక్కడ ఉంది అని విడదీసి చెప్పేవాడి మాటే మేం నమ్ముతాం.

రేడియో మనిషి: విడదీసి చెప్పడం కావాలి, నిజమే. పెద్ద కేంద్రం ఆ పని ఏనాడూ సరిగా చేయలేదు, ఆ లోపం మాదే. నెల్లూరు జిల్లా ఎప్పుడూ రెండు కేంద్రాల మధ్యే ఉండిపోయింది. 1938 జూన్‌లో ఆకాశవాణి మద్రాసు మొదలైతే నెల్లూరు అటు చెవి పెట్టింది. 1948 డిసెంబరు 1న విజయవాడ మొదలయ్యాక ఇటు తిరిగింది. శ్రీలంక నుంచి మీనాక్షి పొన్నుదురై గొంతులో తెలుగు పాటల కార్యక్రమాలు వచ్చేవి. ఎవరూ మైపాడు గురించి ప్రత్యేకంగా మాట్లాడలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ నేను నిలబెట్టదలచినది కార్యక్రమాన్ని కాదు, ఆ పద్ధతిని. ప్రసారం అంటే చిరునామా లేకుండా పంపే మాట. పది మంది విన్నా పది లక్షల మంది విన్నా ట్రాన్స్‌మిటరుకు పడే బరువు ఒక్కటే. వరసలో నిలబడే పని లేదు, నెట్‌వర్క్ బిజీ అనే మాట లేదు. నువ్వెవరివో దానికి తెలియాల్సిన అవసరం లేదు. నీ పేరు, నీ పడవ నంబరు, నీ ఆధార్ అడగదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు ఫోన్లు ఎలా మూగబోయాయో గుర్తుందా? అందరూ ఒకేసారి మాట్లాడాలనుకునే రోజే ఫోను పడిపోతుంది. అందరూ ఒకేసారి వినాలనుకునే రోజు కూడా రేడియో పడిపోదు.

పడవ మనిషి: ఆ మాట పదేళ్ల కిందట సరిపోయేది. ఇప్పుడు సెల్ బ్రాడ్‌కాస్ట్ వచ్చింది. 2023లో పరీక్ష పెట్టినప్పుడు అందరి ఫోన్లూ ఒక్కసారే గట్టిగా మోగాయి కదా. అదీ చిరునామా లేని మాటే. ఒక టవరు కింద ఎన్ని ఫోన్లుంటే అన్నిటికీ ఒకే సందేశం పోతుంది, ఎవరి నంబరుతోనూ పని లేదు. మీరు చెప్పిన గుణమంతా అందులో ఉంది. పైగా రేడియో పెట్టుకుంటేనే మీ మాట వినిపిస్తుంది. నిద్రపోతున్నవాణ్ణి రేడియో లేపదు, ఇది లేపుతుంది.

రేడియో మనిషి: మంచి మాట అన్నావు. నిద్ర లేపడం మా వల్ల కాని పనే. కానీ ఆ టవరు ఎక్కడుంది? తుపాను కొట్టే ఊళ్లోనే ఉంది. కరెంటు పోతే బ్యాటరీ మీద కొన్ని గంటలు, ఆ తర్వాత డీజిలు. ఆ డీజిలు తెచ్చే దారి మీదే చెట్లు పడి ఉంటాయి. 1989 నవంబరులో గే తుపాను థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, సముద్రాలు దాటొచ్చి మన కావలి దగ్గరే ఒడ్డెక్కింది. అలాంటి రాత్రి కావలిలో నిలబడి ఉన్న ఏ టవరునూ నేను నమ్మను. కావలికి మాట చెప్పే స్తంభం విజయవాడలోనో మద్రాసులోనో, తుపాను రెక్కలకు దూరంగా ఉంటే, కావలిలో రెండు బ్యాటరీ సెల్స్ ఉన్నవాడికి ఆ మాట అందుతుంది. హెచ్చరించేవాడు ప్రమాదంలో లేకుండా ఉండటం, అదీ మీడియం వేవ్ ఇచ్చే మేలు. ఎఫ్ఎం ఇవ్వలేదు, ఫోను ఇవ్వలేదు.

పడవ మనిషి: శాటిలైట్ ఇస్తుంది. 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్నదాన్ని ఏ తుపానూ తాకదు. మీ లెక్క ప్రకారమే నా వాదన గెలిచింది. ఇంకో సంగతి. తుపాను రోజు ఉరుములూ మెరుపులూ ఉంటాయి. మీడియం వేవ్‌లో మెరుపు మెరిసినప్పుడల్లా గరగర. ఇప్పుడు దానికి తోడు ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు, బోటులో ఇన్వర్టర్లు, అన్నీ ఆ బ్యాండులోనే రొద చేస్తాయి. తరంగం ఎత్తులో మాటను దాచే పద్ధతి అది, ఆ ఎత్తునే మెరుపు చెడగొడుతుంది. ఈ ముక్క మీరే నాకు చెప్పారు. అవసరమైన రోజునే గరగరలాడేదాన్ని ప్రాణాధారం అని ఎలా అంటారు?

రేడియో మనిషి: గరగర ఉంటుంది. మాట తెగి తెగి వస్తుంది. అయినా మూడుసార్లు చదివితే ఒకసారైనా చెవిన పడుతుంది, అందుకే హెచ్చరికను మళ్లీ మళ్లీ చదివేవాళ్లం. శాటిలైట్ విషయంలో నీకు సగం ఒప్పుకుంటాను. ఇళ్ల మీది డిష్‌లన్నీ కేయూ బ్యాండు. జోరువాన కురిస్తే ఆ తరంగాలను నీటి చుక్కలు మింగేస్తాయి, టీవీ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. గాలికి డిష్ వేలెడు పక్కకు తిరిగినా చాలు, ఇక బొమ్మ రాదు. దూరదర్శన్ భూమ్మీది పాత ట్రాన్స్‌మిటర్లు 2021 నాటికి దాదాపు అన్నీ మూసేశారు కాబట్టి, టీవీ అంటే ఇప్పుడు కేబులు తీగ లేదా డిష్ మాత్రమే. రెండూ గాలికి లొంగేవే.

పడవ మనిషి: టీవీని అంత తేలిగ్గా తీసేయకండి. ఒడ్డున ఉన్న మా ఆడవాళ్లు తుపాను గురించి మొదట తెలుసుకునేది టీవీలోనే. ఆ సుడి బొమ్మ తెర మీద తిరుగుతూ మన వైపు జరుగుతుంటే చూసి, పిల్లల్ని ఎత్తుకుని తుపాను షెల్టరుకు నడుస్తారు. వంద మాటలకు కదలని మనిషి ఆ బొమ్మ చూసి కదులుతాడు.

రేడియో మనిషి: కదులుతాడు, కరెంటు ఉన్నంతసేపు. పాత పద్ధతి టీవీ చానల్ ఒకటి 7 మెగాహెర్ట్జ్ స్థలం తీసుకుంటుంది. మీడియం వేవ్‌లో కేంద్రానికీ కేంద్రానికీ మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్. అంటే ఒక్క బొమ్మ పట్టే చోటులో 700కు పైగా గొంతులు పడతాయి. బొమ్మ అంత బరువు. అందుకే బొమ్మ తుపానుకు ముందు రోజులకు, గొంతు తుపాను రాత్రికి.

పడవ మనిషి: మీరు ఒక సంగతి దాటేస్తున్నారు. తుపాను హెచ్చరికకు శాటిలైట్‌ను ముప్పై నలభై ఏళ్ల కిందటే వాడారు. 1980లలో ఇన్సాట్ ద్వారా హెచ్చరిక పెట్టెలు పెట్టింది మన తీరంలోనే కదా?

రేడియో మనిషి: అవును. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. ఆ తర్వాతి ఏళ్లలో వాతావరణ శాఖ తీరం వెంబడి ఆ పెట్టెలు పెట్టింది. మద్రాసు తుపాను హెచ్చరిక కేంద్రం ఏ జిల్లాకు మాట పంపాలనుకుంటే ఆ జిల్లా కోడు పంపేది. ఆ కోడున్న పెట్టెలే మేలుకునేవి. ముందు సైరన్ మోగేది, తర్వాత స్థానిక భాషలో గొంతు వినిపించేది. నాకు తెలిసినంతలో హెచ్చరిక ప్రసారానికి అంత చక్కని రూపం మరొకటి లేదు. శాటిలైట్ ఎత్తు, రేడియో గొంతు, ఏ జిల్లాకు ఆ జిల్లా. నువ్వు కోరేదీ నేను కోరేదీ రెండూ అందులో ఉన్నాయి.

పడవ మనిషి: ఆ పెట్టె ఎక్కడ పెట్టారు సార్? ఎక్కువగా అధికారుల కార్యాలయాల్లో. కార్యాలయం నుంచి మా పాళేనికి మాట రావాలంటే మళ్లీ మనిషే రావాలి. మైకు పట్టుకునో, గుడి దగ్గర చాటింపు వేసో. మా పాళెం పెద్దలైన కాపులు దురాయి పెట్టి, ఈ రోజు ఎవరూ వేటకు పోవద్దంటే పోము. ఆ మాటకు ఉన్న పట్టు మీ వంద కిలోవాట్లకు లేదు. నేనొచ్చేది ఇక్కడికే. మీ ప్రసారం ఎప్పుడూ పైనుంచి కిందికే వస్తుంది. మేం వినాలి. మేం చెప్పేది ఎవరు వింటారు? సముద్రంలో నీళ్ల రంగు మారిందని, పాటు తిరిగిందని, గాలి దిక్కు మార్చిందని ముందు తెలిసేది మాకు. ఇంజను ఆగిపోయి పడవ కొట్టుకుపోతుంటే మీ రేడియో పాట పాడుతూనే ఉంటుంది. నాకు కావలసింది మాట తీసుకునేది మాత్రమే కాదు, మాట పంపేది కూడా. ఇస్రో, కోస్ట్ గార్డు కలిసి 2010లో ఆపద సంకేతం పంపే పెట్టె తెచ్చాయి. మీట నొక్కితే మన జాడ ఒడ్డుకు తెలుస్తుంది. 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రధాని మొదలుపెట్టిన పథకంలో లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు అన్నారు, ఖర్చు దాదాపు 360 కోట్లు. ఇందులో ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ మాట పోతుంది. దారి చూపే మన నావిక్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం 2013 జులై 1న ఎగిరింది మన శ్రీహరికోట నుంచే. రాకెట్ వదిలే రోజు ఆ చుట్టుపక్కల సముద్రంలోకి పోవద్దని మమ్మల్ని ఆపుతారు. ఆగుతున్నాం, దేశం కోసమే కదా అని. పైకి పోయిన దాని మాట మాకు అందాలని, మా మాట దానికి అందాలని అడగడం మా హక్కు.

రేడియో మనిషి: హక్కే. దీనికి నా దగ్గర ఎదురుమాట లేదు. మునిగిపోతున్నవాడికి రేడియో చేసే సాయం సున్నా. ఇన్నేళ్లు ట్రాన్స్‌మిటరు గదిలో మీటర్ల ముళ్లు చూస్తూ కూర్చున్న నాకు, అవతల వింటున్నవాడు తిరిగి ఒక్క మాట చెప్పగలిగితే ఎంత బాగుండు అని చాలాసార్లు అనిపించింది.

పడవ మనిషి: మరి?

రేడియో మనిషి: తిరిగి మాట్లాడే పరికరం నీ జాడ కూడా చెబుతుంది. నువ్వు ఎక్కడ వల వేశావో, ఏ గీత దాటావో, నిషేధమున్న రెండు నెలల్లో కదిలావో అదంతా ఒక పటం మీద చుక్కగా కనిపిస్తుంది. రక్షించడానికి చూసేవాడూ, జరిమానా వేయడానికి చూసేవాడూ ఒకే పటం చూస్తారు. మీ వాళ్లలో కొందరు దాన్ని ఆపేసి పడవలో పడేస్తారని నా భయం. రేడియోను ఎవరూ భయంతో ఆపరు.

పడవ మనిషి: ఆ భయం ఉంది. చేపలు దొరికే చోటు పక్క పాళెం వాళ్లకు తెలిసిపోతుందేమోనన్న భయం కూడా ఉంది. కానీ జాడ ఇవ్వడం ఇష్టం లేక ప్రాణం ఇచ్చుకునేవాడు లేడు. ఆ పటం ఎవరు చూడాలి, దేనికి చూడాలి అన్నది చట్టంలో రాసుకుందాం. పరికరమే వద్దనడం దానికి జవాబు కాదు. ఇంకో మాట, చిరునామా లేని మాట ఎంత బలమైనదో అంత ప్రమాదకరం కూడా. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. నాలుగు రోజులకు, 30న, మళ్లీ రావచ్చని ఢిల్లీ నుంచి మాట వచ్చింది. టీవీలో, రేడియోలో, నోటి మాటగా అది తీరమంతా పాకింది. జనం ఉన్నపళంగా పరుగులు తీశారు. అల రాలేదు. ఒక్క గొంతు తప్పు చెబితే తీరమంతా ఒక్కసారే తప్పుదారిన పడుతుంది. ఆ తర్వాత నిజంగా హెచ్చరిక వచ్చినా కదలని వాళ్లున్నారు.

రేడియో మనిషి: దానికి మందు గొంతు మూయించడం కాదు, గొంతు వెనక సమాచారం సరిచేయడం. 2007లో ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు, ఆనాటి గుడ్డి హెచ్చరికకు ఇప్పుడు తావు తగ్గింది. నువ్వు చెప్పిన కాపుల మాట లాంటి చిన్న గొంతులు కూడా నాకు ఇష్టమే. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి సంఘం రేడియోను దళిత మహిళలు నడిపారు. పాంబన్‌లో 2016 నుంచి కడల్ ఓసై జాలరుల కోసమే పలుకుతోంది. 1995లో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అన్న తీర్పుకు నిజమైన అర్థం అలాంటి చోట్లే కనిపిస్తుంది. మన జువ్వలదిన్నెలోనో ఇసకపల్లిలోనో అలాంటిది ఒకటి ఉండాలని నేనూ అంటాను. మీ కాపుల మాట అందులో మీ యాసలోనే వినిపిస్తుంది. కాకపోతే కమ్యూనిటీ రేడియోకు ఇచ్చే శక్తి 100 వాట్లు, స్తంభం 30 మీటర్లు, అందేది పది పదిహేను కిలోమీటర్లు. ఊరికి సరిపోతుంది, సముద్రానికి సరిపోదు.

పడవ మనిషి: చూశారా, చివరికి మీరూ మీడియం వేవ్ వదిలి ఊరి రేడియో దగ్గరికి వచ్చారు.

రేడియో మనిషి: వదల్లేదు. నీ లెక్కలో లేని వాళ్ల గురించి ఆలోచిస్తున్నాను. ట్రాన్స్‌పాండరు ఇచ్చేది రిజిస్టరైన మరపడవకు. ఇసకపల్లి ఉప్పు మడుల్లో పని చేసే కూలీకి పడవ లేదు. రొయ్యల గుంట గట్టు మీద పాకలో పడుకునే కాపలావాడికి లేదు. ఉప్పుటేర్లలో పీతలు పట్టే యానాది కుటుంబానికి లేదు. ఊళ్లు మారుతూ బాతులు మేపేవాడికి చిరునామాయే లేదు. ఉప్పెన వస్తే ముందు నీళ్లు చేరేది వాళ్ల దగ్గరికే. నువ్వు కోరే ప్రతి పరికరానికీ ఒక జాబితా కావాలి. ఏ జాబితాలోనూ లేనివాడికి మాట చేర్చగలిగింది ప్రసారం ఒక్కటే.

పడవ మనిషి: ఆ మాట నన్ను ఆలోచింపజేస్తుంది. కానీ వాడి దగ్గర రేడియో ఉందా సార్? లేదు. ఫోను ఉంది. ఫోనులో మీడియం వేవ్ రాదు, దానికి లోపల ఫెర్రైటు కడ్డీ కావాలి. ఎఫ్ఎం వస్తుంది, ఇయర్‌ఫోను తీగే ఏరియల్‌గా పనిచేస్తుంది. ఆ సదుపాయాన్ని ఫోన్లలో మూసేయొద్దని 2023లో కేంద్ర ఐటీ శాఖే తయారీదార్లకు సూచన ఇచ్చింది. అదే ఏడాది మొదట్లో ప్రసార సౌకర్యాలు పెంచే బైండ్ పథకానికి 2,539 కోట్లు ఇచ్చి, ఎఫ్ఎంను జనాభాలో 80 శాతానికి చేర్చాలన్నారు. అంటే ఎఫ్ఎంకు స్తంభాలు కడితే పేదవాడి చేతిలో ఇప్పటికే ఉన్న పరికరానికి మాట అందుతుంది. మీడియం వేవ్‌కు వందల కిలోమీటర్లు పోయే బలం ఉంది, పట్టుకునే చేతులు లేవు. పైగా ఆ 100 కిలోవాట్లు మాటను మోసే వాహక తరంగానివే. అందులో మాట లేదు, మోత మాత్రమే. మాట కోసం ఇంకా పైన ఖర్చు పెట్టాలి.

రేడియో మనిషి: ఆ ఖర్చు ట్రాన్స్‌మిటరు మోస్తుంది కాబట్టే వినేవాడి పెట్టె అంత చవక. తీగచుట్ట ఒకటి, డయోడు ఒకటి, ఇయర్‌పీసు ఒకటి ఉంటే దగ్గరి కేంద్రాన్ని బ్యాటరీ లేకుండానే వినొచ్చు. ప్రసార వ్యవస్థ పెట్టిన రోజున ఎవరో తీసుకున్న నిర్ణయం అది. కష్టమంతా పంపేవాడి మీద వేసి, వినేవాడి మీద ఏమీ వేయకూడదని. నీ శాటిలైట్ పరికరం ఆ బరువును తిరిగి వినేవాడి మీదికి తెస్తోంది. సబ్సిడీ ఉన్నంతకాలం అది కనిపించదు. బ్యాటరీ చెడిపోయిన రోజు కనిపిస్తుంది.

పడవ మనిషి: డీఆర్ఎం సంగతి చెప్పరేం? అదే మీడియం వేవ్ మీద డిజిటల్. తక్కువ కరెంటు, గరగర లేదు, అక్షరాలు కూడా వస్తాయి అన్నారు.

రేడియో మనిషి: ట్రాన్స్‌మిటర్లు ముప్పైకి పైగా పెట్టాం. రిసీవర్లు మాత్రం సామాన్యుడికి అందే ధరకు రాలేదు. అక్కడ మేం ఓడిపోయాం.

పడవ మనిషి: అదే నేను మొదటి నుంచీ అంటున్నది.

రేడియో మనిషి: కృష్ణపట్నం ఓడరేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరికలు పదింటి గురించే అందరికీ తెలుసు. పదకొండోది ఒకటుంది. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి అని దాని అర్థం. తీగలన్నీ తెగి, ఇక నీ బుద్ధితో నువ్వే చూసుకో అని చెప్పే సంకేతం. ఆ పదకొండో నంబరు ఎగిరిన రాత్రి ఏ దారి మిగిలి ఉంటుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. అందుకే ఉన్న దారుల్లో ఒక్కటి కూడా తెంచొద్దంటున్నాను. పడవకు ట్రాన్స్‌పాండరు ఇవ్వండి, దానితో పాటే చిన్న రేడియో సెట్టు ఇవ్వండి. ఉప్పు మడి పాకకూ గుంట గట్టుకూ ఒక్కో సెట్టు ఇవ్వండి. ట్రాన్స్‌మిటరు రోజంతా పలకక్కర్లేదు. వాయుగుండం పుట్టిన రోజు నుంచి పలికితే చాలు.

పడవ మనిషి: రోజూ వినని కేంద్రాన్ని ఆ ఒక్క రోజు ఎవడు తిప్పుతాడు? అలవాటు లేని చెవి ఆపదలో మేలుకోదు. సెట్టు ఇస్తే తీసుకుంటాం, కానీ దాని పేరు చెప్పి ట్రాన్స్‌పాండరు డబ్బులో ఒక్క రూపాయి తగ్గించినా ఒప్పుకోం. రెంటిలో ఒకటే అంటే నేను ట్రాన్స్‌పాండరే అడుగుతాను.

రేడియో మనిషి: నువ్వు అడుగుతావు, నీకు పడవ ఉంది కాబట్టి. ఆ ప్రశ్న ముందు ఉప్పు మడి కూలీని అడగాలి.

పడవ మనిషి: అడుగుదాం సార్, ఇద్దరం కలిసే పోదాం. అడిగేటప్పుడు, నువ్వు రేడియో విని ఎన్నేళ్లయిందని కూడా అడగాలి.